బూతం పోయేదాకా

మొన్న వేసవిలో మా మనవడు ట్రాక్టరుకు షెడ్డు కడతానని పొలంలో దిబ్బవైపు పునాదులు తీయించాడు. ఈ రోజుల్లో గడ్డపారలూ తట్టలూ ఎవరు పడతారు, మట్టి తవ్వే బండి ఒకటి వచ్చి పొద్దున్నుంచీ చెవులు చిల్లులు పడేలా గోల చేస్తోంది. పది గంటల వేళ ఆ గోల టక్కున ఆగిపోయింది. మోత ఉన్నంతసేపూ హాయిగా కునుకు తీసి, మోత ఆగితే ఉలిక్కిపడి లేచే వయసు నాది. చేతికర్ర పట్టుకుని వెళ్ళి చూద్దును కదా, బండి తొట్టి తగిలి ఒక రాతిమూత పగిలింది, దాని కింద మనిషి పట్టేంత నల్లటి కన్నం ఉంది. చుట్టూ నలుగురు చేరారు. నిధి అంటాడొకడు, పాములుంటాయంటాడొకడు. బండి డ్రైవరు అప్పటికే చొక్కా విప్పి నడుముకు తాడు బిగించుకుంటున్నాడు.

"ఎవరూ దిగొద్దు. ముందు దీపం తెండి" అన్నాను.

మనవడు సెల్‌ఫోను లైటు వేసి కన్నంలోకి పట్టి, "ఇదిగో నాయనమ్మా, పట్టపగల్లా ఉంది" అన్నాడు.

"ఆ లైటు ఆరదు కదరా. నాకు ఆరే దీపం కావాలి."

డ్రైవరు మావాడితో, "అవ్వకు దయ్యాలంటే బయ్యం ఉన్నట్లుండాది కదప్పా" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనీ. ఇలాంటి చోటే, ఇలాంటి మాటకే, అరవై ఏళ్ళ పైచిలుకు కిందట నేనూ నవ్వాను. చెప్పాల్సింది ఆ నవ్వు గురించే.

మేం ఈ బళ్ళారి జిల్లాకు వచ్చింది తుంగభద్ర కాలువ వెంబడి. కృష్ణా కాలువల కింద ఉన్న కాస్త చెక్కా అమ్ముకుని, అక్కడ నల్లరేగడి కారుచౌకట, నీళ్ళు వస్తున్నాయట అని ఎవరో అంటే, రోకలితో సహా సామానంతా రైలెక్కించుకుని సిరుగుప్ప తాలూకాలో దేశనూరుకు ఇవతల దిగాం. ఊరికి ఎడంగా చేలల్లో పాకలు వేసుకున్నాం కనుక మా చోటుకు క్యాంపు అని పేరు పడింది. ఇప్పుడు మేడలు లేచాయి, అయినా అది క్యాంపే. మేం ఇవాళో రేపో డేరాలు ఎత్తేస్తామని ఈ ఊరివాళ్ళకు ఇంకా ఎక్కడో ఆశ ఉన్నట్టుంది. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఇంట్లో మా అత్తగారు, మా ఆయన, ఆయన తమ్ముడు, నేను. మరిది నాకంటే రెండేళ్ళు చిన్న.

వచ్చిన కొత్తలో మాటలతో పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఇక్కడివాళ్ళు మాట్లాడేది తెలుగే, కానీ మధ్యలో కన్నడం ఎప్పుడు దూరి ఎప్పుడు బయటికి వస్తుందో తెలిసేది కాదు. ఒకసారి మా అత్తగారు ఊళ్ళో ఒకావిడకు గోంగూర కట్ట ఇవ్వబోతే ఆవిడ, "బేడమ్మా, బేడ" అన్నది. వద్దు అని చెప్పడమది. మా అత్తగారికి బేడ అంటే రెండణాలే తెలుసు. ఆవిడ గోంగూరకు ఖరీదు కడుతోందనుకుని, "నీ దగ్గర డబ్బులేమిటమ్మా, ఊరికే తీసుకో" అని చేతిలో కుక్కి వచ్చారు. ఆవిడ బేడ అన్నకొద్దీ ఈవిడ కుక్కడం. చివరికి ఆ గోంగూర ఎవరు తిన్నారో నాకు తెలియదు. అప్పట్లో అది చెప్పుకుని కడుపు పగిలేలా నవ్వుకున్నాం. ఒక మాటను మన మాటే అనుకుని మన అర్థం పెట్టుకుంటే గోంగూర కట్టకంటే పెద్దవి కూడా పోతాయని అప్పటికి తెలియదు.

నేల మెరకా పల్లం. చదును చేయిస్తే తప్ప నీళ్ళు ఎక్కవు. ఆ చదునుకు నా గాజులు పోయాయి, పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారు గాజులు. నేనే తీసి ఇచ్చాను, ఎవరూ లాక్కోలేదు. ఇచ్చి, ఎర్ర మట్టిగాజులు వేసుకుని, మహాత్యాగం చేసినదానిలా రెండు వారాలు మొహం ముడుచుకుని తిరిగిన మాట కూడా నిజమే. మా ఆయన చూడనట్టు ఊరుకున్నారు. మరిది చూశాడు. అన్నం వడ్డిస్తుంటే నా చేతులకేసి చూసి తల దించుకునేవాడు. ఒకరోజు, "నీ గాజులు నేను తెచ్చిపెడతాను వదినా" అన్నాడు. "ముందు నీ మూతి మీదికి మీసం తెచ్చుకో అబ్బాయ్" అన్నాను. అతను నవ్వేశాడు కానీ ఆ మాట వదల్లేదని తరువాత తెలిసింది.

ఇక పుస్తకం సంగతి. సిరుగుప్ప సంతలో వగ్గాణీ మిరపకాయ బజ్జీలూ అమ్మే కొట్టు ఒకటుండేది. వగ్గాణి అంటే బొరుగులకు తాలింపు పెట్టి చేసేది. మాకు మొదట్లో వింతగా ఉండేది, తరువాత అది లేనిదే సంత సంతలా ఉండేది కాదు. ఆ కొట్లో పొట్లాలకు పెట్టిన పాత కాగితాల్లో తెలుగు అక్షరాలు కనబడి, మరిది అడిగి ఒక పుస్తకం తెచ్చాడు. అట్ట లేదు, పేరు లేదు, రాసినది ఎవరో తెలియదు. చివరి ప్రకరణం అప్పటికే ఎవరి బజ్జీలతోనో పోయింది. "వాళ్ళకు మిరపకాయ ఘాటు, మనకు కథ ఘాటు" అని మరిది నవ్వాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎండ తగ్గేదాకా పాక వసారాలో కూర్చునేవాళ్ళం. మరిది గోగునార తాడు పేనేవాడు, అత్తగారు చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరేవారు, నేను చదివేదాన్ని. అతనికి చదువు రాక కాదు. మావైపు ఫోర్తు ఫారం దాకా చదివాడు, ఇక్కడ బడికి వెళ్ళి కన్నడం చూసి దండం పెట్టి వచ్చేశాడు. తాడు పేనేవాడికి చేతులు ఖాళీ ఉండవు కదా, అందుకని నేను. కథలో పదకొండు మంది పడవల మీద ఒక నదికి ఎదురెక్కి, అది పుట్టేచోట పాతకాలపు రాజెవరో దాచిన పెట్టెల కోసం పోతారు. దారిలో ఒకడు జ్వరంతో పోతాడు, ఒకడు మొసలి నోట పడతాడు, ఇద్దరు తమలో తామే పొడుచుకుంటారు. మా అత్తగారికి పెట్టెల మీద ధ్యాస లేదు. "ఇంతమందికీ వండిపెట్టేవాడు ఉన్నాడా? వాడు తిన్నాడా లేదా?" అని అడిగేవారు. పుస్తకంలో వంటవాడి ఊసే లేదు. ఆవిడ బెంగ చూడలేక నేనే ఒక వంటవాణ్ణి పుట్టించి, అప్పుడప్పుడూ వాడిచేత పప్పూ అన్నం వండించి చదివేదాన్ని. మరిదికి నా దొంగతనం తెలుసు. తల వంచుకుని తాడు పేనుతూ ముసిముసిగా నవ్వేవాడు.

చివరికి మిగిలినవాళ్ళు ఒక గుహలోకి పోతారు. లోపల దివిటీ ఆరిపోతుంది. కొందరు అపశకునమని బెదిరి నిలబడిపోతే, వాళ్ళ నాయకుడు చీకట్లోనే పాక్కుంటూ ముందుకు పోతాడు, పెట్టెలు సరిగ్గా అక్కడే చేతికి తగులుతాయి. అంతలో వెనక గుహ ద్వారం మూసుకుపోతుంది. అక్కడితో మా పుస్తకం అయిపోయింది. ఆ దివిటీ ఆరిన పేజీ మరిది నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. నేనూ గొంతు తగ్గించి పెంచి, ఆగాల్సినచోట ఆగి, చాలా బాగా చదివాను. అంత బాగా చదవకపోయినా పోయేది.

మా చదువు వినడానికి ఊళ్ళోంచి ఒక అవ్వ వచ్చేది. మాకు పొలం అమ్మిన రైతుకు తల్లి. ఎన్నో తరాలుగా ఇక్కడ సేద్యం చేస్తున్న తెలుగువాళ్ళే, అయినా ఆవిడ మాట మాకు సగం, మా మాట ఆవిడకు సగం. గుహ కథ విన్న రోజున వక్క నములుతూ అన్నది: "ఏంది మ్మా, ఆ నదిగుండా అంత దూరం పోయి సచ్చేది? మీ శేన్లో దిబ్బ ఉండాది కదా, పాడుబడిన ఊరది. ఆడ హగేవులో మా మామ లచ్చుమిని దాచిపెట్టినాడు, కరువొస్తే పిల్లోళ్ళకు కావల్లని. మళ్ళ దాని మూత ఇప్పేకి మనుసులే లేకుండా పాయె."

మరిది చేతుల్లో తాడు ఆగింది. "హగేవు అంటే ఏమిటవ్వా?"

"నేలలో గుంత అప్పా. లోపల బాన మాదిరి ఉంటాది. సుమ్నే, ఊరికే దిగేకి లేదు. మూత తీసి ముందు దీపం దించల్ల. దీపం ఆరిందా, లోపల బూతం ఉన్నట్లే. బూతం పోయేదాకా నోరు తెర్సిపెట్టి ఊరికే ఉండల్ల. ఒగ దినమో, రెండు దినాలో."

"మా లాంతరు మీద మీ బూతానికి అంత కోపమేమిటి?" అన్నాడు మరిది. నేను పకపకా నవ్వాను. అవ్వ నొచ్చుకోలేదు. "నగండి మ్మా, నగేకి ఏమి" అని లేచి చీర దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ చెప్పినవి రెండు మాటలు. లక్ష్మి ఉందన్నది, భూతం ఉందన్నది. మా మరిది చదువుకున్నవాడు, కాస్త లోకజ్ఞానం ఉందనుకునేవాడు. కనుక మొదటిది నమ్మాడు, రెండోది నవ్వులో కొట్టేశాడు. ఏ మాటకు ఏది అర్థమో చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉన్నారు, మేం ఎవరినీ అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని, తెలిస్తే మాదంటారని అతని భయం. క్యాంపువాళ్ళం కదా, ఊరివాళ్ళను నమ్మడం ఇంకా నేర్చుకోలేదు.

మా ఆయన ఎరువులకని సిరుగుప్ప వెళ్ళిన రోజు చూసుకుని, మరిది పొద్దున్నే గడ్డపారా తను పేనిన తాడూ తీసుకుని దిబ్బకు పోయాడు. నాకు చెప్పాడు, అమ్మకు చెప్పొద్దన్నాడు. "అన్నం తెచ్చేటప్పుడు లాంతరు కూడా తీసుకురా వదినా" అన్నాడు. నేను ఆపలేదు. నాకూ గాజుల మీద ఆశ ఉంది. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు, మా ఆయన పోయేముందు కూడా అనలేకపోయాను.

చద్దన్నం, మాగాయ ముక్క, లాంతరు పట్టుకుని నేను వెళ్ళేసరికి అతను రాతిమూత పక్కకు దొర్లించేశాడు. ఒళ్ళంతా మట్టి, మొహం మాత్రం వెలిగిపోతోంది. కన్నంలోంచి పులిసిన కుడితి వాసన వస్తోంది. అదేం వాసన అంటే, "ఏనాడు మూసిందో వదినా, మరి వాసన రాదా" అన్నాడు. లాంతరు వెలిగించి తాడుకు కట్టి దించాడు. రెండు నిలువుల లోతుకు పోయేసరికి మంట చిన్నదై ఆరిపోయింది. పైకి లాగి ఒత్తి సరిచేసి మళ్ళీ దించాడు, మళ్ళీ ఆరింది. కిరసనాయిల్లో నీళ్ళు కలిపి అమ్ముతున్నారని కొట్టువాణ్ణి తిట్టాడు. మూడోసారీ ఆరాక నాకేసి చూసి, "అవ్వగారి బూతం ఊదేస్తోంది వదినా" అన్నాడు.

నేను నవ్వాను. నేను నవ్వడం చూసి అతనూ నవ్వాడు. వద్దు అని ఒక్క మాట అని ఉంటే ఆగేవాడు, నా మాట ఎన్నడూ కాదన్నవాడు కాదు. అన్నం తిని దిగమని మాత్రం అన్నాను. "వచ్చి తింటాను, కలిపి ఉంచు" అని, తాడు కొస తుమ్మచెట్టుకు కట్టి, రెండో కొస పట్టుకుని జారాడు. అడుగు తగిలిన చప్పుడు వినబడింది. "మెత్తగా ఉంది వదినా" అన్నాడు. అదే ఆఖరి మాట.

పిలిస్తే పలకలేదు. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. అంతకుముందు గడ్డివాములో దాక్కుని నన్ను గంటసేపు ఏడిపించిన మనిషి. "నాటకాలు చాలు, పైకి రా, అన్నం ఎండిపోతోంది" అని కేకలేశాను. కోప్పడ్డాను. మీ అన్నయ్యకు చెబుతానని బెదిరించాను. అలా ఎంతసేపు తిట్టానో తెలియదు. ఆ కాసేపూ అతను అక్కడ, నేను ఇక్కడ, మధ్యలో నా తిట్లు. చివరికి తాడు లాగితే తేలిగ్గా వచ్చేసింది. అప్పుడు ఊళ్ళోకి పరుగెత్తాను.

అవ్వ కొడుకుతో పాటు పదిమంది వచ్చారు. ఎవరూ దిగలేదు. పిరికివాళ్ళని నోటికి వచ్చినట్టు తిట్టి, నేనే దూకబోతే అవ్వ నా నడుము పట్టుకుని కింద కూలేసింది. "వొద్దు మ్మా. బూతం ఇంకా ఆడే ఉండాది. నిన్ను కూడా ఇచ్చేకి నేను ఒప్పుకోను" అన్నది. ఆ ముసలిచేతుల్లో అంత బలం ఎక్కడిదో. వాళ్ళు వేపకొమ్మలు మోపులా కట్టి, తాడుతో దించి, కవ్వం ఆడించినట్టు పైకీ కిందికీ ఆడించారు. కాసేపటికొకసారి దీపం దించడం, అది ఆరడం, మళ్ళీ కొమ్మలు ఆడించడం. పొద్దు వాలేవేళకు దీపం ఆరకుండా అడుగుదాకా పోయింది. అప్పుడు అవ్వ కొడుకు దిగి మా మరిదిని పైకి చేర్చాడు. అతని కుడి గుప్పిట మూసుకుని ఉంది. విప్పి చూస్తే అందులో కుళ్ళి నల్లబడిన జొన్నలున్నాయి.

అదే లచ్చుమి. హగేవు అంటే ధాన్యం పాతరే. అందులో పోసిన జొన్నను అవ్వ వాళ్ళింట్లో పేరు పెట్టి పిలవరట, పిలిస్తే తరిగిపోతుందని. ఎప్పుడూ లచ్చుమి అనే అంటారట. బూతం కూడా అంతే. మూతపెట్టిన గింజ మురిగితే పుట్టే చెడ్డగాలికి వాళ్ళు పెట్టుకున్న పేరది. పేరు ఏదైతేనేం, దాన్ని పట్టే పద్ధతి వాళ్ళ దగ్గర ఉంది. "మునుపు ఇంత బూతం ఉండేది కాదు మ్మా. కాలవొచ్చినాక నేలలో నీళ్ళు ఊరతాండాయి, జొన్న మురిగిపాయె" అని అవ్వ ఏడ్చింది. మమ్మల్ని ఇంత దూరం పిలుచుకొచ్చిన నీళ్ళే అవి. లక్ష్మి అని చెప్పకుండా జొన్నలని చెప్పి ఉంటే బాగుండేదని ఆ ముసలామె పోయేదాకా కుమిలిపోయింది. మేం నవ్వకుండా ఉంటే బాగుండేదని నేను ఆమెతో అనలేకపోయాను.

మా ఆయన ఆ గుంత పూడ్పించారు. అలాంటివి ఇంకా ఉంటాయని దిబ్బను మాత్రం దున్నలేదు. నేను పుస్తకాన్ని చూరులో దోపేశాను. అత్తగారు నన్ను ఒక్క మాట అనలేదు. లాంతరు ఎవరు తెచ్చారు, నువ్వు అక్కడ ఏం చేస్తున్నావు అని ఒక్కనాడూ అడగలేదు. అడిగి ఉంటే బతికిపోయేదాన్ని. ఆరేడు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం చేటలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండానే, "ఆ కథ చివర ఏమైందమ్మా? గుహలో చిక్కుకున్నవాళ్ళు బయటికి వచ్చారా?" అన్నారు.

చూరులోంచి పుస్తకం తీసి, ఆఖరి పేజీ తిప్పి, లేని ప్రకరణం చదివాను. గుహ ద్వారం తెరుచుకుందని, చిక్కుకున్నవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు వెలుగులోకి వచ్చారని, ఏటి ఒడ్డున వంటవాడు వేడి అన్నం వండుకుని ఎదురుచూస్తున్నాడని చదివాను.

"నిధి తెచ్చుకున్నారా?"

"లేదత్తయ్యా. పెట్టెలు అక్కడే వదిలేసి వచ్చారు."

"పోనీలే. మనుషులు వచ్చారు కదా" అన్నారావిడ. చేట ఒకసారి చెరిగి మళ్ళీ ఏరుకోవడం మొదలుపెట్టారు. ఆవిడకు చదవడం రాదు. కానీ చివరి ప్రకరణం బజ్జీలతో పోయిందని కొడుకు చెప్పి నవ్వినప్పుడు ఆవిడ అక్కడే కూర్చుని ఉన్నారని నాకు చాలా ఏళ్ళ తరువాత గుర్తొచ్చింది.

మొన్న మనవడు చివరికి పూజగదిలోంచి ప్రమిద తెచ్చాడు. చిన్న బకెట్లో పెట్టి దించితే రెండు నిలువుల లోతులో ఆరిపోయింది. గాలికి ఆరిందేమోనన్నారు. గాలి ఎక్కడుందిరా, మళ్ళీ వెలిగించండి అన్నాను. మళ్ళీ ఆరింది. నవ్వులు ఆగాయి. డ్రైవరు తన నడుము తాడు తనే విప్పుకుని, "ఇప్పుడేం చేయల్ల అవ్వా?" అన్నాడు.

"ఏమీ చేయొద్దు. చుట్టూ ముళ్ళకంప వేసి, నోరు తెరిచిపెట్టి, ఇంటికి పోండి."

మర్నాడు అదే వేళకు దించితే ప్రమిద అడుగుదాకా వెలుగుతూనే పోయింది. రెండుసార్లు చూపించమన్నాను. డ్రైవరు దిగి, కాసేపటికి ఎక్కి వచ్చి, నా ఎదుట గుప్పిట విప్పాడు. "ఏమీ లేదవ్వా, సుమ్నే జొన్నలు" అన్నాడు.

"లచ్చుమి అనాలి నాయనా" అన్నాను. ఆ గింజలు నా కొంగులో పోయించుకున్నాను. డ్రైవరు చేతులు కడుక్కుని తుమ్మచెట్టు కింద కూర్చుని, మా కోడలు పంపిన అన్నం కడుపునిండా తిన్నాడు. అతను తినడం అయ్యేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. బూతం పోవడానికి పట్టింది ఒక్క రోజు. ఆ ఒక్క రోజు ఆగని మా మరిది పద్దెనిమిదేళ్ళ దగ్గరే ఆగిపోయాడు, నేను మాత్రం అతనికి కలిపిన అన్నం ముందు ఇన్నేళ్ళుగా కూర్చునే ఉన్నాను.